చేతులూపుకుంటూ

మా ఇళ్ళలో ఆడది గడప దాటి వెళ్తే చేతులూపుకుంటూ తిరిగి రాకూడదు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. కానీ కాపురానికి వచ్చినప్పట్నుంచీ నేను దాన్ని తప్పినట్టు గుర్తులేదు. గుడికి పోతే పూలో ప్రసాదమో, పుట్టింటికి పోతే సంచీ నిండా ఏదో ఒకటి, ఊరికే సందు చివరిదాకా పోయినా కరివేపాకు రెబ్బైనా చేతిలో ఉండాలి. ఉత్త చేతులతో వస్తే మా అత్త ముందు నా చేతుల వంక చూస్తుంది, ఆ తర్వాతే మొహం వంక. అందుకే ఆపరేషను అయ్యేదాకా రోజూ అరగంటసేపు చేతులూపుకుంటూ నడవమని ఆసుపత్రిలో ఒక అమ్మాయి చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఆ మాట ఒక తిట్టు అని ఆ అమ్మాయికేం తెలుసు!

మాది బళేపేట. కింద గాజుల అంగడి, దాని వెనక సరుకు పెట్టుకునే గోడౌను గది, పైన ఇల్లు. కిందికీ పైకీ మధ్య నిటారుగా పాతకాలపు మెట్లు, పట్టుకోవడానికి పక్కన ఒక తాడు. నేను, మా ఆయన, మా అత్త, మరిది, తోడికోడలు అందరం ఆ ఇంట్లోనే. పిల్లలు ఎవరి కాపురాల్లో వాళ్ళున్నారు. ఇంటి పెద్దకోడలిని కాబట్టి వంటిల్లు నాది. నాది అంటే హక్కని కాదు, చాకిరీ అని. అయినా నాదే.

కొన్నాళ్ళుగా ఆయాసం, ముఖం పాలిపోవడం. రక్తం తక్కువగా ఉందని మాత్రలు మింగుతూ గడిపాను. చివరికి పరీక్షలన్నీ చేసి, పెద్దపేగులో గడ్డ ఉంది, ఆ ముక్క కోసి తీసెయ్యాలన్నారు. రక్తం కాస్త పుంజుకునేదాకా ఒక నెల ఆగుదామన్నాడు పెద్ద డాక్టరు. ఆ ముక్క చెప్పి, కన్నడంలో మా ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. ఈమెకు ఓడాట ఎట్లా ఉంది అని.

కన్నడంలో ఓడాట అంటే అటూ ఇటూ తిరగడం, నడక, కదలిక. మా బెంగుళూరు తెలుగులో ఆ మాట ఎప్పుడో కలిసిపోయింది. పెళ్ళి పనులంటే ఓడాట, బ్యాంకు పనంటే ఓడాట. మా ఆయన కుర్చీలో ముందుకు జరిగి, మా ఇంట్లో ఓడాటమంతా ఈమెదే సార్, పొద్దున లేచినప్పట్నుంచి పడుకునేదాకా ఈమె కూర్చోగా నేను చూళ్ళేదు అన్నాడు. ఎంత గర్వంగా చెప్పాడో! ఇన్నేళ్ళలో ఆయన నోటినుంచి నా గురించి ఒక మెప్పు వినడం అదే మొదలు. అదీ నా కడుపులో గడ్డ ఉందని తెలిసిన రోజున. డాక్టరు తృప్తిగా తలూపాడు. ప్రశ్న నా ఒంటి గురించి, జవాబు ఆయనది. నేను మధ్యలో కూర్చుని ఇద్దరి మొహాలూ చూశాను.

తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపారు. గోదావరి వైపు పిల్ల, మాటకు ముందు ఆంటీ, వెనక ఆంటీ. ఆసుపత్రి మెట్లు నాతోపాటు ఎక్కుతూ, మీ ఇంట్లో ఎంతమంది, ఏం వండారు అని అడుగుతూ వచ్చింది. మొదటి మలుపు దగ్గరే నా జవాబు సగంలో ఆగిపోయింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. నాకు ఓడాట బాగా ఉందని డాక్టరు అనుకుంటున్నాడని, ఊపిరి అందాక చెప్పాను.

"ఓడాట అంటే ఏంటాంటీ? ఓడిపోయే ఆటా?" అంది.

ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. నేను పుట్టినప్పట్నుంచీ వాడుతున్న మాట నాకెప్పుడూ అట్లా వినబడలేదు. నవ్వబోతే దగ్గొచ్చింది.

పని వేరు, నడక వేరని ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. ఇంటి పనిలో వంగుతాం, లేస్తాం, నాలుగడుగులు వేసి ఆగుతాం. ఒళ్ళు అలిసిపోతుంది గానీ, రొప్పు వచ్చేదాకా ఆగకుండా నడిస్తే గుండెకూ ఊపిరితిత్తులకూ వచ్చే సత్తువ దాంతో రాదు. పొట్ట కోశాక గట్టిగా దగ్గాలి, మర్నాడే లేచి నిలబడాలి. ఆ సత్తువ ఇప్పుడే తెచ్చుకోవాలి. రోజూ ఆగకుండా నడవండి, చేతిలో ఏమీ పెట్టుకోకుండా చేతులూపుకుంటూ నడవండి, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోండి, ఇది పీల్చండి అని, గట్టిగా ఊపిరి పీలిస్తే పైకి లేచే మూడు బంతులున్న ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది.

నేను అడిగింది ఒక్కటే. ఆపరేషను తర్వాత మా ఇంటి మెట్లు ఎక్కగలనా అని. ఎందుకంటే అప్పటికే ఇంట్లో నిర్ణయం అయిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నా మంచం కింద గోడౌను గదిలో వెయ్యాలని. ఆ గది సంగతి నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పులని మా మామను కొన్నాళ్ళకని అందులోకి దించారు. ఆయన మళ్ళీ పైకి రాలేదు. గాజుల పెట్టెల మధ్యే పోయాడు. నాకు గడ్డ భయం లేదని కాదు. కానీ రాత్రిపూట కళ్ళు మూసుకుంటే ఆ గదే కనబడేది.

నడిస్తే ఎక్కుతారు ఆంటీ అంది ఆ అమ్మాయి. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు పొద్దున చీర కొంగు దోపి చెప్పులు వేసుకుంటున్నానో లేదో, మా అత్త అడిగింది, ఎక్కడికని. వాకింగు అన్నాను. పేరు వినగానే ఆమె ముఖంలో అదేదో దొరల రోగం అన్నట్టు ఒక చిరాకు. తర్వాత సంచీ తెచ్చి చేతికిచ్చింది.

"ఎట్లాగూ పోతానే ఉండావు కదమ్మే, అట్లే పాలు, కొత్తిమీర తీసుకురా."

అదే మొదలు. ఆ రోజునుంచి నా నడకకు సంచీ అతుక్కుపోయింది. తోడికోడలికి జాకెట్టు కుట్టే ఆమె దగ్గరికి, మరిదికి మందుల అంగడికి, అంగడిలో పనివాడు రాకపోతే నగర్తపేటలో ఒక గిరాకీకి గాజుల పార్సెలు. అందరిదీ ఒకే మాట, ఎట్లాగూ పోతానే ఉండావు కదా అని. ప్రతి అంగడి దగ్గరా నిలబడటం, చిల్లర కోసం నిలబడటం, బరువు మోసుకుని రావడం. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనం, రొప్పు మాత్రం రాలేదు. నడకా కాలేదు, విశ్రాంతీ కాలేదు. ఓడాట అయింది.

ఈ సంగతి ఫోనులో చెబితే ఆ అమ్మాయి మా ఆయనతో మాట్లాడింది. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. మరుసటి రోజు తనే తోడు వస్తానన్నాడు. వచ్చాడు కూడా. బళేపేటలో పుట్టి పెరిగిన వ్యాపారస్తుడు ఆయన. పది అడుగులకొక స్నేహితుడు, ప్రతి స్నేహితుడి దగ్గరా ఒక కబురు. తాళాలు తీస్తున్న అంగళ్ళ ముందు ఆయన చెయ్యి నడుము మీద పెట్టుకుని మాట్లాడుతుంటే, పక్కన నేను తోపుడుబండ్లకూ స్కూటర్లకూ దారి ఇస్తూ నిలబడేదాన్ని. ఇంటికొచ్చి, మేమిద్దరం వాకింగు పోయి వచ్చినాం అని మా అత్తకు చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు. అదే నాకు మండింది.

ఊరి చివర కాడుగోడిలో మా చెల్లెలుంది. నువ్వొచ్చి ఆపరేషనుదాకా ఇక్కడే ఉండక్కా, పొద్దునపూట ఇక్కడ ఎంత దూరమైనా నడవొచ్చు అని బతిమాలింది. నేను బట్టలు సర్దుకోవడానికి కూడా సిద్ధపడ్డాను. పెద్ద ఆపరేషనుకు పోయే మనిషి మెట్టినింటి గడప నుంచే పోవాలని మా అత్త అడ్డం పడింది. శాస్త్రం అంది. ఆ శాస్త్రం వెనక వంటిల్లు ఉందని అందరికీ తెలుసు. సర్దుకోబోయిన బట్టలు మళ్ళీ అల్మారాలో పెట్టేశాను.

చివరికి మిద్దె ఎక్కాను. నీళ్ళ ట్యాంకు, బట్టల తీగెలు, విరిగిన కుర్చీలు. వాటి చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాను. రెండు రోజులు బాగానే జరిగింది. చేతులు ఊపడం కూడా వచ్చింది. మొదట్లో సిగ్గేసింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పెళ్ళికూతురిలా. మూడోరోజు ఎదురు మిద్దె మీద మనుషులు చూసి నవ్వారని, కాలుగాలిన పిల్లిలా తిరుగుతోందని, గడ్డ మాట విని మతి చెడిందనుకుంటారని ఇంట్లో గొడవ, దాంతో అదీ ఆగిపోయింది. మూడు బంతుల డబ్బాను కూడా, వచ్చినవాళ్ళు ఇదేందని అడుగుతారని, మా అత్త అటక మీద పెట్టించింది. నేను కుర్చీ వేసుకుని దింపుకునేదాన్ని. మళ్ళీ అటక మీదికి పోయేది. ఆపరేషనుకు పోయేనాటికి నేను రెండు బంతుల్ని మాత్రం లేపగలిగేదాన్ని. మూడోది అడుగున అట్లాగే కూర్చునేది.

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ మొత్తం తీసేశామన్నారు. మర్నాడు ఆ గోదావరి పిల్ల వచ్చి, పొట్టకు దిండు అదిమిపెట్టి దగ్గమంది. దగ్గలేకపోయాను. కుట్లు చిరిగిపోతాయేమోనన్నంత నొప్పి, దాన్ని మించి లోపల్నుంచి తోసే బలం లేదు. మంచం దిగి నిలబడితే గది తిరిగింది. తర్వాత జ్వరం, కఫం, ఊపిరితిత్తుల్లో నిమ్ము. మళ్ళీ ఐసీయూ, ముక్కుకు ఆక్సిజను. ఇంటికి పోవాల్సిన రోజు వచ్చింది, పోయింది.

పెద్ద డాక్టరు నా మంచం పక్కనే నిలబడి మా ఆయన్ని అడిగాడు, ఓడాట బాగుందన్నారు కదా అని. బాగుండేది సార్, ఎప్పుడూ తిరుగుతానే ఉండేది, ఏమైందో తెలీదు అన్నాడు మా ఆయన. ఆయన గొంతులో నిజంగానే ఆశ్చర్యం. మాస్కు కింద నేను నోరు తెరిచాను. ఏ మాటా రాలేదు, గాలి వచ్చింది. అంత కోపం నాకు బతుకులో ఎప్పుడూ రాలేదు. దాన్ని చూపించడానికి కూడా ఊపిరి కావాలని అప్పుడు తెలిసింది.

ఇంటికి తెచ్చాక తిన్నగా గోడౌను గదిలో పడుకోబెట్టారు. ఇక్కడొక చిత్రం జరిగింది. ఇన్నేళ్ళూ నన్ను కూర్చోనివ్వనివాళ్ళు ఇప్పుడు లేవనివ్వరు. పచ్చి ఒళ్ళు అంది మా అత్త. బాలింతకు చేసినట్టే చెవుల్లో దూది, తలకు గుడ్డ, వేడినీళ్ళు, పత్యం. కాలు కింద పెడితే కుట్లు ఊడతాయని ఆమె భయం. అది నటన కాదు, రాత్రులు కింద చాప వేసుకుని నా మంచం పక్కనే పడుకునేది, నేను కదిలితే ఉలిక్కిపడి లేచేది. ఆమెను పూర్తిగా తిట్టుకోనివ్వకుండా చేసింది ఆ చాపే. కానీ పరామర్శకు వచ్చినవాళ్ళతో, దీన్ని పూచికపుల్ల కూడా ఎత్తనివ్వడంలేదు అని ఆమె చెబుతుంటే, బ్రెడ్డూ ఆపిళ్ళూ పట్టుకొచ్చినవాళ్ళంతా, నీ అదృష్టం, ఎంత బాగా చూసుకుంటున్నారు అనేవారు. నేను అవునన్నట్టు తలూపేదాన్ని. పైన నా వంటింట్లో కొత్తగా పెట్టుకున్న వంటామె అడుగులు, కుక్కరు కూత వినబడేవి. తాలింపులో ఆవాలు మాడిన వాసన కిందికి వచ్చేది.

రోజుకు నాలుగైదుసార్లు లేచి నడవాలని ఆసుపత్రిలో చెప్పి పంపారు. బరువు మాత్రం ఎత్తొద్దన్నారు. అందరూ అంగడిలో ఉన్నప్పుడు గాజుల అరల మధ్య నడవడం మొదలుపెట్టాను. ఒక చెయ్యి అర మీద, ఒక చెయ్యి పొట్ట మీద. చెయ్యి ఆన్చిన ప్రతిసారీ పెట్టెల్లో గాజులు గలగలమనేవి. ఆ చప్పుడు వినగానే మా అత్త, ఎవరది, లేచినావామ్మే అని కేక. మెల్లగా చెయ్యి ఆన్చకుండా నడవడం నేర్చుకున్నాను. గాజులు చప్పుడు చేయని రోజున నా కాళ్ళ మీద నేను నిలబడ్డానని తెలిసింది. ఆ గదిలో నాకు వేరే గురువు లేదు.

ఒక మధ్యాహ్నం అంగట్లో పెళ్ళి బేరం తగిలింది. అందరూ అక్కడే. నేను తాడు పట్టుకుని మెట్లు ఎక్కాను. సగంలో కూర్చున్నాను. కుట్లు లాగుతున్నాయి. కిందికి చూస్తే గోడౌను తలుపు తెరిచే ఉంది. దాన్ని చూసి మిగతావి ఎక్కాను. పైన వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాను, సంతోషానికి. అది దాచుకోవాల్సిన పనిలేదు. మా మామ ఎక్కలేని మెట్లు నేను ఎక్కాను.

తోడికోడలు పైకొచ్చి చూసి నోరు తెరిచింది. వెంటనే కిందికి పరుగెత్తి అందరికీ చెప్పింది. అందరూ సంతోషించారు, అది కాదనను. మా అత్త దిష్టి తీసింది. సాయంత్రం నా మంచం పైకి చేర్చారు. రేపట్నుంచి రానక్కరలేదని వంటామెకు ఆ రాత్రే చెప్పేశారు.

అంతే. మెట్లు ఎక్కడానికి నేను పడిన పాటంతా మళ్ళీ పొయ్యి దగ్గరికి చేరడానికే అన్నమాట. బిందె ఎత్తకూడదంటే, బిందె వద్దులే, చెంబులతో పోసుకో అన్నారు. నడక మాట ఎత్తితే, ఇంట్లో తిరుగుతానే ఉండావు కదా అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశాను. మావాళ్ళు ఆ ఆకులు కూడా పట్టుకోలేదు.

కొన్ని వారాలకు డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్ళాం. ఆ గోదావరి పిల్ల లేదు, పెళ్ళి కుదిరి ఉద్యోగం మానేసిందట. పెద్ద డాక్టరు కుట్లు చూసి, మా ఆయన వైపు తిరిగి మళ్ళీ అదే అడిగాడు.

"ఓడాట హేగిదె?"

"ఫస్ట్ క్లాస్ సార్. మళ్ళీ మొదటి మాదిరే" అన్నాడు మా ఆయన.

ఈసారి నాకు ఊపిరి ఉంది.

"ఓడాట ఉండాది సార్. నడక లేదు" అన్నాను.

తెలుగులోనే అన్నాను. డాక్టరుకు తెలుగు బాగానే వచ్చు. రెండూ ఒకటే కదమ్మా అని నవ్వి, లోపలికి పిలవమని తర్వాతి మనిషి కోసం గంట కొట్టాడు. మా ఆయన కూడా నవ్వాడు.

తిరుగు దారిలో మార్కెట్టు దగ్గర ఆటో ఇరుక్కుపోయింది. ముందు లారీ, వెనక లారీ. నేను దిగిపోయి, ఇక్కడినుంచి నడిచి వస్తానన్నాను. మా ఆయన వద్దనలేదు. సీటు కింద నుంచి సంచీ తీసి చాచాడు.

"నడిచే వస్తావుండావు కదా. అట్లే కొత్తిమీర, రెండు కేజీలు ఉర్లగడ్డలు తీసుకురా."

ఆయన ముఖంలో దుర్మార్గం ఏమీ లేదు. వెతికాను కూడా. ఉంటే బాగుండేది. సంచీని తీసుకుని, మడిచి, ఆయన పక్కన సీటు మీద పెట్టి నడిచాను.

ఎక్కడా ఆగలేదు. కుట్ల చోట సలుపుతోంది, రొప్పు వస్తోంది, ఆ అమ్మాయి చెప్పిన రొప్పు. చేతులు ఊపుకుంటూ, పూల గంపల పక్కనుంచి, బండ్ల మధ్యనుంచి, మా ఆయన స్నేహితులు పలకరిస్తున్నా తలూపి, మా సందులోకి వచ్చాను. మా అత్త అంగడి ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. అలవాటుగా ముందు నా చేతుల వంక చూసింది.

"ఏమ్మే, చేతులూపుకుంటా వచ్చినావు?"

"ఊ అత్తా. చేతులూపుకుంటానే వచ్చినాను" అని మెట్లు ఎక్కాను. తాడు పట్టుకోలేదు.

ఆ రోజు రాత్రి చారులో కొత్తిమీర లేదని మా ఆయనా, మరిదీ, అత్తా ఎవరికి వారు చెప్పారు. అంత దూరం ఎట్లా నడిచావని ఎవరూ అడగలేదు.